ఆడచేపకు తోకేంది

పోయిన ఆదివారం పొద్దున మా ఆడబిడ్డ మనవరాలు ఫోనులో ఒక ఫోటో పంపింది. గాజు సీసాలో నీలం రంగు ఆడ ఫైటర్ చేప. "అవ్వా, దీని తోక ఏ రకం?" అని కింద రాసింది. చేపేమో తోక ముడుచుకుని, అలిగిన కోడలిలా ఒక మూల నిలబడి ఉంది. ముడుచుకున్న తోకను చూసి రకం చెప్పమనడం, మూసిన గొడుగును చూసి చిల్లులెన్నో చెప్పమన్నట్టే. అద్దం చూపించి, అది తోక విప్పాక మళ్లీ ఫోటో తీసి పంపమన్నాను. ఆ మాట నన్ను అడిగింది ఎవరి మనవరాలో గుర్తొచ్చి, వంటింట్లో ఒక్కదాన్నే చాలాసేపు నవ్వుకున్నాను. అది మంచి నవ్వు కాదని నాకు తెలుసు.

ఆ పిల్ల తాతను, అంటే మా ఆడబిడ్డ భర్తను, నేను వరసకు అన్నయ్య అనేదాన్ని. మార్కాపురం బజారులో ఆయనకు రంగుచేపల దుకాణం ఉండేది. ఆయనకు తెలియని సంగతి లోకంలో లేదు. ఎవరి పొలంలో బోరు ఎక్కడ వేస్తే నీళ్లు పడతాయో, ఎవరి మోకాలి నొప్పికి ఏ తైలం రాయాలో, అడక్కపోయినా చెప్పేవాడు. మా అత్తకు అల్లుడి మాట వేదం. మా ఆయనకు బావ మాట అంతకంటే ఎక్కువ. నాకు అక్కసు పుట్టడానికి అది చాలదు గానీ, నేల మాత్రం అప్పటికే దున్ని ఉందన్నమాట.

ఒకసారి ఆయన దుకాణంలో జబ్బు చేసిన ఫైటర్ల జతను పారేయబోతుంటే నేను ఇంటికి తెచ్చుకున్నాను. మనుషులకే నీళ్లు ట్యాంకరులో వచ్చే ఊరు మాది. నా వంతు బిందెలోంచి చెంబెడు తీసి వాటికి పోసేదాన్ని. మా అత్త ఎన్ని మాటలన్నదో చెప్పను. జత కోలుకుంది. మగచేప నీటిమీద నురగ గూడు కట్టింది, పిల్లలు పుట్టాయి. దోమపురుగులు పట్టి పెట్టి, నాలుగు నెలలు వాటిని కళ్లలో పెట్టుకుని సాకాను. మగవి ఒకదాన్నొకటి చంపుకుంటాయి కనుక తలా ఒక సీసాలో ఉంచాను. ఆడవి ముప్పై దాకా ఉంటాయి, పెరట్లో సిమెంటు తొట్టిలో కలిసి తిరిగేవి. నాకు పిల్లలు లేరు. ఆ నాలుగు నెలలు ఇంట్లో ఎవరు ఆ సంగతి ఎత్తినా నాకు బాధనిపించలేదు.

ఒక మధ్యాహ్నం నేను మిల్లుకు పోయి వచ్చేసరికి అన్నయ్య వచ్చి ఉన్నాడు. దుకాణంలో అమ్మడానికి మగచేపల సీసాలన్నీ అట్టపెట్టెలో సర్దుకున్నాడు. తొట్టి ఖాళీ. ఆడవాటిని బకెట్టులో పోయించి, అప్పటికే దుకాణంలోని పెద్దచేపలకు మేతగా పంపేశాడట. మా ఆయన పక్కనే నిలబడి నేల చూస్తున్నాడు. వాటి తోకల రకమైనా చూశారా అని అడిగాను.

"ఆడచేపకు తోకేంది చెల్లెమ్మా చూసేది? పొడుగు తోకుంటే మగది, పొట్టి తోకుంటే ఆడది. అంతే," అన్నాడు. మా అత్త ఆయనకు మజ్జిగ ఇచ్చింది.

ఒక్కటి మిగిలింది. రెక్క కొరుకుడు పడిందని దాన్ని ముందే విడిగా సీసాలో వేసి వంటింటి కిటికీలో పెట్టాను, ఆయన కంట పడలేదు. మా ఆయన పలకల ఫ్యాక్టరీలో మేస్త్రీ కావడంతో విరిగిన పలకలకు మా పెరట్లో కరువు లేదు. ఒక పలక తెచ్చి సుద్దముక్కతో నిలువుగా గీత గీసి, సీసా వెనక నిలబెట్టాను. ముందు అద్దం పెట్టాను. అద్దంలో ఇంకో ఆడచేపను చూసి దానికి రోషం వచ్చింది, తోక విప్పింది. నల్లటి పలక మీద ఒక్కొక్క ఈనె లెక్కపెట్టేటంత తేటగా కనబడింది. తోక పైఅంచూ కిందిఅంచూ రెండూ తిన్నగా వచ్చి సుద్దగీతకు ఆనుకున్నాయి. సగం చందమామ. దుకాణాలవాళ్లు హాఫ్‌మూన్ అని పడిచచ్చే రకం. పోయిన ముప్పైలో ఇట్లాంటివి ఎన్ని ఉన్నాయో తెలిసే దారి ఇక లేదు. ఆ రోజు నేను ఏడవలేదు. ఈయనకు ఒక రోజు వస్తుంది, అది నా చేతిమీదుగా రావాలి అనుకున్నాను.

అప్పటినుంచి ఎవరింట్లో ఆడ ఫైటర్ ఉన్నా పలకా అద్దమూ పట్టుకుని పోయేదాన్ని. అంచు కిందికి వాలితే మామూలు తోక. ఈనెలు పొర దాటి దువ్వెన పళ్లలా బయటికొస్తే క్రౌన్ టెయిల్. ఆడవాటికి ఇవన్నీ పొట్టిగా ఉంటాయి కనుక ఓపిక కావాలి. ఓపిక నాకు బోలెడుంది.

ఏడాది తిరిగింది. అన్నయ్య దుకాణానికి కొత్త గాజు తొట్టి కట్టించి, తన పొడుగు తోక మగచేపకు జతగా మద్రాసు నుంచి హాఫ్‌మూన్ ఆడచేపను తెప్పించాడు. బస్టాండు నుంచి పోతూ పోతూ మా ఇంట్లో ఆగి, చూడమని చేప ఉన్న నీళ్ల ప్లాస్టిక్ సంచి నా చేతికిచ్చాడు. పలక అక్కడే ఉంది. సంచిని దానికి ఆనించి అద్దం చూపించాను. తోక విప్పింది. అంచులు గుండ్రంగా తిరిగాయి. పొట్ట కింద, గుడ్లు వచ్చే చోట ఆడదానికుండే తెల్లచుక్క లేదు. చెంపల కింద మగదానికుండే గడ్డంలాంటి పొర బారెడు దిగింది. అది ప్లకాట్ అనే పొట్టితోక రకం, పైగా మగది. చెప్పాలని నోటిదాకా వచ్చింది. అంతలో ఆయన, "హాఫ్‌మూన్ అంటే ఇట్లుంటది చెల్లెమ్మా, చూసి నేర్చుకో," అన్నాడు. మంచి జత అన్నయ్యా అన్నాను.

ఆ వారం ఆదివారం పొద్దున, కొత్త జతను చూడ్డానికి దుకాణం ముందు జనం. గిద్దలూరు నుంచి, యర్రగొండపాలెం నుంచి చేపల పిచ్చివాళ్లంతా వచ్చారు. నేను పట్టుచీర కట్టుకుని వెళ్లాను. అన్నయ్య అందరి ముందూ జతను ఒకే తొట్టిలో వదిలాడు. రెండు నిమిషాలు పట్టలేదు. ఆయన గర్వంగా చూపించే ఆ పొడుగు తోక పీలికలైపోయింది. నీళ్లలో పొలుసులు తేలుతున్నాయి, వలకు ఏదీ దొరకడం లేదు. బేస్తవారిపేట వైపు గొర్రెలు మేపే పెద్దాయన ఒకడు, కూతురికి చేపల్ని కొనడానికి వచ్చినవాడు, తొట్టిలోకి వంగి చూసి, "ఏంది సామీ, రెండు పొట్టేళ్లను ఒక్క కొట్టంలో ఇడిసినావు?" అన్నాడు. బజారంతా నవ్వింది. నేను నవ్వలేదు, అవసరం లేకపోయింది. పాపం ఆ పొడుగు తోకది మూడో రోజున చచ్చిపోయింది. దాని మీద జాలిపడ్డాను. ఆయన మీద పడలేదు.

ఆ ఆదివారం సాయంత్రమే ఆయన మా ఇంటికొచ్చి పెరటి అరుగు మీద కూర్చున్నాడు. మజ్జిగ ముట్టలేదు.

"నువ్వు పలక పెట్టి చూసినావు గదా చెల్లెమ్మా. నీకు తెలియలేదా?"

"ఆడచేపకు తోకేంది అన్నయ్యా చూసేది?" అన్నాను.

ఆయన తల తిప్పి పెరట్లోని ఖాళీ సిమెంటు తొట్టి వైపు చూశాడు. ఆ తర్వాత మా ఇంట్లో సలహాలు చెప్పడం మానేశాడు.

మనవరాలి రెండో ఫోటో పోయిన ఆదివారం సాయంత్రానికే వచ్చింది. తోక విప్పింది గానీ అంచు కిందికి వాలింది. మామూలు తోకే, అయినా పారెయ్యొద్దు అని రాశాను. ఫైటర్ చేప మహా అయితే మూడేళ్లు బతుకుతుంది. కిటికీలోని నా చేప పోయింది, దుకాణం పోయింది, అన్నయ్య పోయి కూడా నాలుగేళ్లయింది. నా కోపం మాత్రం ఇన్నేళ్లు ఎట్లా బతికిందో నాకే తెలియదు. అద్దం చూపిస్తే చాలు, ఇప్పటికీ తోక పూర్తిగా విప్పుతుంది.