పొట్టి చేతుల చొక్కా

చలికి పళ్ళు టకటకలాడే పొద్దునైనా, గోధుమ తెగుళ్ళు చూసే ఆ ఉద్యోగి పొట్టి చేతుల చొక్కాతోనే పొలాలకు బయలుదేరతాడు. "స్వెట్టరు నేనే దాచేశాననుకుంటారు జనం," అని భార్య సణుగుతుంది. ఆమె మడతపెట్టిచ్చిన తెల్ల రుమాలు జేబులో ఉంటుంది. పసుపుబారిన ఆకు కనబడితే మోకాళ్ళ మీద కూర్చుని, పసిపిల్ల ముక్కు తుడిచినంత మెత్తగా తుడుస్తాడు. రుమాలుకు పసుపు పొడి అంటితే తుప్పు తెగులు; అంటకపోతే పైరుకు ఎరువు చాలలేదు, అంతే.

ఒక ఏడు పొడుగు చేతుల చొక్కా వేసుకుని, తెగులు నిండిన రొట్టె గోధుమ చేలోంచి నేరుగా పక్కనున్న రవ్వ గోధుమ చేలోకి దిగాడు. ఆకు తుడిస్తే పసుపు పొడి అంటింది. "పైరు ముదరకముందే పశువుల మేతకు కోసెయ్యమ్మా," అన్నాడు. చేను గలావిడ గట్టు మీద కూలబడింది. సాయంత్రం భార్య చొక్కా అందుకుని, "చేతుల నిండా ఈ పసుపు పొడేంటండీ?" అంది. ఆయనకు ముందు దిగిన రొట్టె గోధుమ చేను గుర్తొచ్చింది. తెల్లారేసరికి చొక్కా చేతులు పైకి మడిచి, ఉతికిన రుమాలుతో ఆ చేలో ఉన్నాడు. ఆవిడ అప్పటికే కొడవలి పట్టుకుని వంగింది. "ఆగమ్మా! ఆ పొడి నా చొక్కాది, నీ చేనుది కాదు!" ఇరవై ఆకులు తుడిచినా రుమాలు తెల్లగానే ఉంది. ఆవిడ కొడవలి పక్కన పెట్టి, "ఇంకొక్కటి తుడవండి బాబూ," అంది. తుడిచాడు. "ఇంకొక్కటి," అంది. ఇద్దరికీ నవ్వొచ్చేదాకా తుడుస్తూనే ఉన్నాడు.

స్వెట్టరు మాటెత్తితే ఈనాటికీ, గడ్డకట్టిన మోచేతులు రుద్దుకుంటూ, "పొడుగు చేతులు నాకు అచ్చిరావు," అంటాడు.