అడ్డపొగ

మా మేనత్త చుట్ట వెలిగించి, నిప్పున్న కొసనే నోట్లో పెట్టుకునేది. శ్రీకాకుళం వైపు ఆడవాళ్లు తాగే అడ్డపొగ అది. మామయ్య రైల్వే ఉద్యోగంతో బిలాస్‌పూర్ వచ్చేసినా అత్త దాన్ని వదల్లేదు. పెదాలు మూసుకుని అంట్లు తోముతుంటే లోపల నిప్పుందని ఎవరికీ తెలిసేది కాదు.

"కాలదా అత్తా?" అంటే, "నోరు అలవాటైపోనాది. ఏటీ అవదు" అనేది.

నేను బడిలో జీవశాస్త్రం చెప్తాను. రోజూ వేడి తగిలితే అంగిట్లోని మెత్తటి కణాలు బతకడానికి రకం మార్చుకుని మడమ తోలులా గట్టిపడతాయనీ, ఆ మార్పు ఒక్కోసారి క్యాన్సర్‌కి దారితీస్తుందనీ నాకు తెలుసు. ఆమెకు చెప్పలేదు. మామయ్య పోయాక నెహ్రూ నగర్‌లోని మా ఇంటికి తెచ్చుకున్నప్పుడు మాత్రం, ఇరుగుపొరుగు నవ్వుతారని బాత్రూంలో తాగమన్నాను.

అంగిలి తెల్లబడితే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. బీడీ, సిగరెట్ తాగుతుందా అని ఆయన హిందీలో అడిగాడు. అత్త నోరు తెరిచేలోపు నేనే "నహీఁ" అన్నాను. కట్టుడుపళ్ల ఒరిపిడి అనుకుని, పుక్కిలించడానికి మందిచ్చి పంపాడు.

ఆర్నెల్లకి గడ్డ తేలింది. చుట్ట సంగతి బయటపడ్డాక, అప్పుడే ఎందుకు చెప్పలేదని డాక్టరు నన్ను నిలదీశాడు.

అత్త నా చెయ్యి పట్టుకుని, తనే దాచిపెట్టానని వచ్చీరాని హిందీలో ఆయనకి చెప్పింది.

"ఇస్‌కో కుఛ్ మాలూమ్ నహీఁ బాబూ. దీనికేటీ తెల్దు."