కదలని కప్పులు

మొన్న ఆదివారం పొద్దున సిడ్నీ నుంచి ఫోన్ వచ్చింది. "అక్కా, మమ్ ఈజ్ గాన్. నిద్రలోనే," అంది ఆంటీ కూతురు. నా నోట ముందు వచ్చిన మాట, "డాక్టర్ సరిగ్గా చూశారా?" అని. అన్నాక సిగ్గేసింది. ఆంటీ వింటే మాత్రం మెచ్చుకునేది. ఎవరేం చెప్పినా ఒక్కసారికే నమ్మొద్దని నేర్పింది ఆవిడే.

అప్పట్లో ఆస్ట్రేలియాలోనే, క్లేటన్‌లో అమ్మాయిలం కలిసి అద్దెకున్న ఇంటి పక్కిల్లు ఆంటీది. తెనాలి వైపు నుంచి నర్సుగా వచ్చింది. భర్త పోయాక ఒక్కతే. కిందటేడే సిడ్నీలో కూతురి దగ్గరికి, పెండిల్ హిల్ వెళ్ళింది. శనివారం మాకు పప్పుచారు వండిపెట్టి, ఆపైన సినిమా వేసేది. సినిమా అంటే ఒక్కటే. ఇంగ్లండులో ఎప్పుడో తీసిన నలుపు తెలుపు హత్యా రహస్యం. టీవీలో వచ్చినప్పుడు క్యాసెట్లోకి ఎక్కించుకుంది. పొగమంచు, బంగళా, అందులో చిక్కుకున్న అతిథులు. నటుల అసలు పేర్లు ఆవిడకు పట్టవు. నీళ్ళ కళ్ళోడు, ముక్కుపొడి మేజరు, దొంగేడుపు పిల్ల, అన్నీ ఆవిడ పెట్టినవే.

"మరీ మెత్తగా మాట్లాడేవాణ్ణి రెండుసార్లు చూడమ్మాయ్," అనేది. నాకు పెళ్ళి సంబంధం వస్తే ఫొటో ముందు ఆవిడకే చూపించాను.

ఆంటీకి అవతలి పక్క ఒక ఇంగ్లీషు ముసలావిడ ఉండేది. ఆ సినిమాలో పనిమనిషి వేషం తనదేనని ఒకనాడు కంచె దగ్గర చెప్పింది. ఆంటీ క్యాసెట్ ఆపి ఆపి చూసింది. నటుల పేర్లలో ఆవిడ పేరు లేదు. "ముక్కు అలానే ఉంది. ముక్కుకేముందిలే, చాలామందికుంటది," అని పెదవి విరిచింది.

ఆ చలికాలమే ముసలావిడ మేనల్లుడు దిగాడు. ఎంతో మర్యాదస్తుడు. ఆంటీ గుమ్మంలో నిలబడి, "అత్తకు మతి చలించింది, పాపం. సినిమాలో నటించానంటోంది. వృద్ధాశ్రమంలో చేర్చక తప్పదు. డాక్టర్ని తీసుకొస్తాను, ఆవిడ వింతమాటలు మీరూ చెప్పాలి," అన్నాడు.

అతను వెళ్ళగానే ఆంటీ కర్టెన్ పక్కకు చేరింది. "నిన్న టేపుతో ఆవిడ ఇంటి గదులు కొలిచిపోయినోడెవడే? డాక్టరు చూడకముందే ఇల్లు అమ్మకానికి కొలుస్తారా?"

"కానీ ఆంటీ, ఆవిడ చెప్పేది నిజంగానే కట్టుకథైతే?" అన్నాను.

"అదే తేల్చాలి. జాలిపడి నమ్మితే డాక్టరు ముందు నిలబడదు."

ముసలావిడను టీకి పిలిచింది. టీవీ పెట్టకుండానే అడిగింది, ఆ వేషం కట్టినామెకు తప్ప ఇంకెవరికీ తెలియని సంగతి ఒక్కటి చెప్పమని. ముసలావిడ తన చేతిలోని టీకప్పు వంక చూసింది. నెమ్మదిగా అంది: "షూటింగులో కప్పులు గలగలమంటే మాటలు వినపడవని, వాటిని ట్రేకి జిగురుతో అంటించేశారు."

ఆంటీ క్యాసెట్ పెట్టింది. కేక విని పనిమనిషి గిరుక్కున తిరిగింది. ట్రే బాగా ఒరిగింది. ఒక్క కప్పూ కదల్లేదు. అన్నిసార్లు చూసీ హంతకుణ్ణే వెతికాం గాని, ట్రే వంక చూసిందెవరు? ఆంటీ వెనక్కి తిప్పి మళ్ళీ చూసింది. తర్వాత ముసలావిడ చెయ్యి పట్టుకుని, "సారీ," అంది. ఆంటీ నోట ఆ మాట నేను విన్నది అప్పుడొక్కసారే.

మేనల్లుడు తీసుకొచ్చిన డాక్టరుకూ అదే చూపించింది. ఆయన నవ్వేసి, మేనల్లుణ్ణి బయట ఉంచి, ముసలావిడతో చాలాసేపు మాట్లాడాడు. "ఈవిడ మతికి ఏ లోటూ లేదు. ఇష్టమున్నన్నాళ్ళు తన ఇంట్లోనే ఉండొచ్చు," అని తేల్చాడు. మేనల్లుడు నవ్వుతూనే అందరికీ థాంక్స్ చెప్పి కారెక్కాడు.

ముసలావిడ లోపలికి పోదామంది. ఆంటీ కదల్లేదు. చలిగాలికి చీర చెంగు ఎగురుతుంటే, ఒక చేత్తో ఆవిడ భుజం పొదివి పట్టుకుని, ఆ కారు వీధి మలుపు తిరిగేదాకా, తిరిగాక కూడా, అటే చూస్తూ నిలబడింది.