గట్టు మీద నిలబడ్డ మనిషి

నేను చిన్న కవితలే చదువుతాను. పెద్దవాటికి నాకు ఓపిక లేదు, నా చేతులకు ఖాళీ అంతకన్నా లేదు. కంఠేశ్వర్‌లో మా ఇంటి ముందరి గదిలో ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ, పక్కన పీట మీద పుస్తకం తెరిచి ఉంచుతాను. పేజీ ఎగరకుండా దాని మీద కత్తెర పెడతాను. మూడు లైన్లయితే ఒక్క చూపులో అయిపోతాయి. ఆ తర్వాత పది బీడీలు చుట్టేదాకా తలలో తిరుగుతూనే ఉంటాయి. కవిత్వానికి తీరిక కావాలని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది.

మొన్న చలికాలంలో లైబ్రరీ పుస్తకంలో ఈ కవిత కనబడింది:

చెరుకు పూసింది
చేనంతా తెలుపు
గట్టు మీద ఒక్కడు

అంతే. నా చేతిలో బీడీ ఆకు చేతిలోనే ఉండిపోయింది. మాది బోధన్ పక్క పల్లె. మాకు పూసిన చెరుకంటే కోత తప్పిన చెరుకు. దగ్గరి చక్కెర మిల్లు మూతపడ్డాక, దూరపు మిల్లు వాళ్లు కోతకు ఆర్డర్ ఇస్తే గాని చేన్లో కత్తి పెట్టడానికి లేదు. ఒక ఏడు ఆ ఆర్డర్ రాలేదు. నిజాంసాగర్ నీళ్లు తాగి ఏపుగా పెరిగిన చెరుకు తెల్లగా పూసి, లోపల రసం ఎండి బెండు పట్టిపోయింది. మరుసటి ఏడు మా బాపు పొలం కౌలుకిచ్చేశాడు. మేం ఈ టౌనుకొచ్చి బీడీల్లో పడ్డాం.

బాపుకు చదువు రాదు. ఆ కవిత చదివి వినిపించాను. మంచం మీద కూర్చుని విన్నాడు.

"గట్టు మీదున్నోడు ఎవ్వలు బిడ్డా?"

"పేరు రాయలే బాపు."

"ఆర్డర్ రాలేదు గావచ్చు," అని తువ్వాల భుజాన వేసుకుని బయటికి పోయాడు.

లైబ్రరీలో ఆదివారం పొద్దున పది మందిమి కూర్చుని కవితలు చదువుకుంటాం. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన ఒక సారు నడిపిస్తాడు. అందరూ తమకు నచ్చిన కవిత మీద ఒక పేజీ రాసిస్తే చిన్న పుస్తకం వేయిస్తానన్నాడు. నా మాట అచ్చులో ఎప్పుడూ రాలేదు. రావాలని ఎంత ఆశపడ్డానో చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. నాలుగు రోజులు రాశాను. మిల్లు, ఆర్డర్, బెండు, అన్నీ రాశాను.

సారు ఎర్ర పెన్నుతో సగానికి పైగా కొట్టేశాడు.

"అమ్మా, తెల్లటి పూత ముందు మనిషి మైమరచి నిలబడ్డాడు. అంత అందమైన దృశ్యంలోకి మిల్లెందుకు? కవిత చదివేటప్పుడు ఇంటి బాధలు బయట పెట్టి రావాలి."

నాకు ఒళ్లు మండింది. "చెప్పులైతే బయట ఇడుస్త సార్. ఇల్లెట్ల ఇడవాలె?"

పక్కనున్న వాళ్లు నవ్వారు. సారుకు కోపం రాలేదు. "ఆ కవి బస్సులో పోతూ చూసి రాసి ఉంటాడమ్మా. ఆయనకు మీ మిల్లు సంగతేం తెలుసు?"

"తెల్వకపోవచ్చు. గని మనిషిని తెచ్చి గట్టు మీద నిలబెట్టిండు గద సార్. ఎందుకు నిలబడ్డడని అడగొద్దా?"

కాగితం తీసుకుని ఇంటికొచ్చేశాను. బాపు చాయ్ సాసర్లో పోసుకుని ఊదుకుంటున్నాడు.

"చెరుకు పూత అందమంట బాపు, ఆ సారుకు," అన్నాను. నాతో పాటు నాలుగు తిడతాడనుకున్నాను.

"అందమే గద బిడ్డా."

కాగితం పీట మీద పెట్టి ఆయన ముందు కూర్చున్నాను.

"గా యేడు పొద్దుగాల గట్టెక్కి సూస్తే చేనంత మెరుస్తుండె. ఎంత మంచిగున్నదో అనిపిచ్చింది. ఇల్లు మునుగుతుంటే నాకు గిట్ల అనిపిచ్చుడేందని సిగ్గయింది. మీ అవ్వకు గూడ చెప్పలే."

చాయ్ తాగి సాసర్ కింద పెట్టాడు. నాకు ఏడుపొచ్చింది, నా మీద నాకే కోపమూ వచ్చింది. సారు పూత ఒక్కటే చూశాడు, నేను నష్టం ఒక్కటే రాశాను. గట్టు మీది మనిషికి ఏమనిపించిందో ఇద్దరికీ తట్టలేదు.

మళ్లీ రాశాను. మిల్లు అట్లాగే ఉంచి, దాని కింద బాపు చెప్పిన ముచ్చట కలిపాను. సారు ఈసారి కూడా మిల్లు కొట్టేసి, అందం మాత్రం ఉంచి, ఇట్లయితే వేస్తానన్నాడు. వేస్తే మొత్తం వెయ్యండి, లేకపోతే వద్దన్నాను. పుస్తకం వచ్చింది. అందులో నా పేజీ లేదు.

పుస్తకాలు పంచిన రోజు నేను లేచి నిలబడి, నా కాగితం ఒక్క మాట వదలకుండా చదివాను. ఎవరూ ఆపలేదు. అయిపోయాక సారు నెమ్మదిగా అన్నాడు, "చివరికి అందమేనని నువ్వూ ఒప్పుకున్నావు కదమ్మా."

"ఒప్పుకున్న సార్. గని మిల్లు ముచ్చట కొట్టేస్తే, గా అందం సూసి మా బాపు ఎందుకు సిగ్గుపడ్డడో ఎట్ల తెలుస్తది?"