బావి లెక్క

మొన్న మధ్యాహ్నం టెలిగ్రాం వచ్చింది. గుంటూరు బ్రాడీపేటలో మా బాబాయి పోయారు. అన్నం తిని, చెయ్యి కడుక్కుని, పడక్కుర్చీలో వాలారట. అంతే. కాలేజీలో లెక్కలు చెప్పేవారు. ఎంత చిక్కు లెక్కకీ జంకని మనిషి. ఆయన్ను భయపెట్టిన లెక్క ఒక్కటే ఉంది.

నేను వాళ్లింట్లో ఉండి బి.ఎస్సీ. చదివే రోజుల్లో, ఒక వేసవి ఆయన ఉత్తరాదికి వెళ్లి కంప్యూటరుతో మాట్లాడే భాష నేర్చుకొచ్చారు. ఫోర్‌ట్రాన్ అంటారు. గుంటూరులో చూస్తే ఆ యంత్రమే లేదు. "ఎండిన చెరువు కోసం ఈత నేర్చుకున్నట్టుందమ్మాయ్," అని నవ్వేవారు. ప్రోగ్రాం కాగితం మీద రాసి పోస్టులో పంపితే, అక్కడి స్నేహితుడు యంత్రానికి ఇచ్చి, జవాబు టపాలో పంపేవాడు.

దాంతో ఏదైనా సరదా పని చేసి చూడాలని ఆయన ఆరాటం. పర్చూరు దగ్గర మా ఊళ్లో, నాన్న ప్రతి ఆదివారం పొలం బావిలోకి తాడు దింపి, నీళ్లెంత ఉన్నాయో పంచాంగం అంచున రాసుకునేవాడు. పన్నెండు పంచాంగాలు. అంకెలు నేను చదివాను, రాబోయే నెలల్లో నీళ్లెంత ఉంటాయో లెక్కకట్టే ప్రోగ్రాం బాబాయి రాశారు.

శ్రావణంలో జవాబు వచ్చింది. వానలు అప్పటికే ముఖం చాటేశాయి. కాగితం మీద నీళ్లు వారం వారం తగ్గుతూ పోయి, మాఘంలో సున్నా. మిరప చేతికొచ్చే వేళకి బావిలో చుక్క ఉండదు. సరదా అక్కడితో సరి. అప్పటికప్పుడు ఊరికి బస్సెక్కాం.

"అన్నయ్యా, ఈ ఏడు మిరప వద్దు," అన్నారు బాబాయి.

"ఒరేయ్, మన బావి మొహమన్నా చూడని యంత్రం చెబితే పంట మానుకోమంటావా?" అరుగు మీద నలుగురూ వినేలా నవ్వాడు నాన్న.

దసరాకి వెళితే సగం పొలంలో జొన్న మొలిచి ఉంది. మిగతా సగంలో మిరపే.

ఆదివారం ఆదివారం బాబాయి నన్ను వెంటబెట్టుకుని ఊరికి వెళ్లి తాడు దింపేవారు, కాగితం చూసేవారు. బెత్తెడు తేడా ఉండేది కాదు. కార్తీకంలో ఒకసారి తడి తాడు చేత్తో పట్టుకునే గట్టు మీద కూలబడ్డారు. "నా లెక్క తప్పవ్వాలని కోరుకోవడం ఇదే మొదలమ్మాయ్," అన్నారు. ఇంట్లో బావి మాట ఎత్తడం మానేశాం.

మాఘం రాకముందే అడుగు కనిపించింది, కాగితం చెప్పినదానికన్నా ఎనిమిది రోజులు ముందే. మిరప పిందె మీదే మాడిపోయింది. ఆ ఏడు మాకు జొన్నే తిండి పెట్టింది.

ఆ కబురు పాకింది. బ్రాడీపేట ఇంటికి జనం రాసాగారు. "మా బావి ఎప్పుడు పోతుందో చెప్పండి సారూ!" బాబాయి ముందు ఒకటే అడిగేవారు: "చెబితే ఏం చేస్తావయ్యా?" జవాబు లేనివాడికి మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టి, ఏ పైరు వెయ్యొచ్చో అతనితోపాటే ఆలోచించి, ఆ తర్వాతే కాగితం తీసేవారు. "దారి చూపించకుండా భయం చేతికివ్వకూడదు," అనేవారు. ఇప్పుడు నేనూ పంతులమ్మనే. పిల్లలకి లెక్క తప్పిందని చెప్పేటప్పుడల్లా ఆ మాట నన్ను ఆపి, నిదానంగా మాట్లాడిస్తుంది.

సత్తెనపల్లి వైపు నుంచి ఒక పెద్దావిడ వచ్చింది ఒకరోజు. కొంగుముడి విప్పి పిడికెడు బురద తీసి, బల్ల మీదున్న అంకెల కాగితాలపైన పెట్టింది.

"పొద్దున బొక్కెనలో నీళ్లకి బదులు ఇదే వచ్చింది బాబూ."

బాబాయి దాన్ని తియ్యలేదు. తడి ఒక్కో అంకెనే నల్లబరుస్తూ పాకుతుంటే, ఇద్దరూ అలాగే చూస్తూ కూర్చున్నారు.