ఆయ్ అంటే అవునని రాసుకున్నాను

డిగ్రీ రెండో ఏడు ఫిజిక్స్‌లో ఉండగా మా మేడమ్ నాకో పని అప్పజెప్పారు. కొబ్బరికాయను కొడితే వచ్చే మోతను బట్టి లోపల ఎండి కురిడీ అయిందో, ఇంకా నీళ్లున్నాయో చెప్పగలమా అని. ఫలితం బాగా వస్తే యూనివర్సిటీలో జరిగే విద్యార్థుల పరిశోధన సభకు నన్ను పంపుతానన్నారు. కాలేజీ మొత్తానికి ఒక్కటే చోటు. అప్పటిదాకా నేను చేసిన ప్రయోగాలన్నీ జవాబు ముందే తెలిసినవి. సీనియర్ల రికార్డు చూసి అంకెలు దించేస్తే సరిపోయేది. జవాబు ఎవరూ రాసిపెట్టని ప్రశ్న చేతికొచ్చేసరికి కాళ్లు నేల మీద నిలవలేదు.

అంబాజీపేటలో ఓ కొబ్బరి కొట్టుకు వెళ్లాను. అక్కడ కాయలు ఏరే పెద్దాయన మోత విని కాయ సంగతి చెప్పేస్తారట. నేను చెంచాతో కొట్టడం, ఫోన్లో రికార్డు చేయడం, "కురిడీ అయిందాండి, బాబాయ్ గారూ?" అని అడగడం. ఆయన "ఆయ్" అనడం. నేను 'అవును' అని రాసుకుని ఇంకో కాయ అందుకోవడం.

తీరా గ్రాఫ్ గీస్తే చుక్కలన్నీ చెల్లాచెదురుగా పడ్డాయి. లెక్కలు మళ్లీ చేశాను, ఫోన్‌ను తిట్టుకున్నాను. సభ చేజారిపోతుందని ఏడుపొచ్చింది. అనంతపురం వైపు నుంచి వచ్చిన మా మేడమ్ నోటుబుక్కు తిరగేసి, "ఏం పాపా, మీ కోనసీమలో పచ్చికాయే ఉండదా? అన్నీ అవునే రాసినావు" అన్నారు.

అప్పుడు వెలిగింది. మా వైపు పెద్దవాళ్లు పిలిచినా ఆయ్, తిట్టినా ఆయ్. వింటున్నామని చెప్పడమే అది. పుట్టినప్పటి నుంచీ అంటున్న మాటే నాకు అర్థం కాలేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికానన్నమాట.

మర్నాడు కొట్టుకు వెళ్లి సంగతి చెప్పాను. పెద్దాయన నవ్వేశారు.

"ఆయ్ అని, తరవాత మాట చెబుదామనుకునేలోపే మీరు ఇంకో కాయ తీసేసేరు కదండి. చదువుకునే అమ్మాయిగారు, అడ్డం రావడం ఎందుకని ఊరుకున్నానండి."

ఈసారి నోరు మూసుకుని కూర్చున్నాను. ఆయన కాయల్ని రెండు కుప్పలు చేశారు. నాకు అనుమానం తగిలిన వాటిని పగలగొట్టి చూపించారు. గ్రాఫ్‌లో చుక్కలు కూడా బుద్ధిగా రెండు గుంపులయ్యాయి.

ఆ గ్రాఫ్ చూపించి మేడమ్‌కు ఆయ్ సంగతి చెప్పాను. ఆవిడ పేర్లు పంపే కాగితం ముందుకు లాక్కుని, "సభకు పోతావా?" అన్నారు.

సంతోషంలో నోటికి అలవాటైన మాటే వచ్చింది. "ఆయ్" అన్నాను.

మేడమ్ పెన్ను ఆపి తలెత్తారు. "ఇది అవునా, వింటాండావా?"

"అవునండి" అన్నాను. "రాసేసుకోండి."