పూలబుట్ట వెళ్లని సందు

విజయవాడలో రాత్రి ఎక్కిన రైలు మర్నాడు మధ్యాహ్నం కోయంబత్తూరులో దింపింది. స్టేషన్ ఎదుట మెస్సులో అరటాకు భోజనం చేసి మేట్టుపాళయం ప్యాసింజరు ఎక్కాను. గంటలోపు ప్రయాణం. కిటికీ బయట వక్కతోటలు, వాటి వెనక నీలగిరులు. కొండరైలు యాత్రికుల కోసం మేట్టుపాళయంలో చవక లాడ్జీలు చాలా ఉన్నాయి. ముందుగా గది చెప్పుకోనక్కర్లేదు.

నేను కొండ ఎక్కడానికి రాలేదు. భవాని ఒడ్డున తరతరాలుగా తెలుగు మాట్లాడే కూలీల పేట ఒకటుంది. ఎగువన డ్యాం గేట్లు తెరిస్తే మొదట మునిగేది అదే. ఆ పేటలో పుట్టి కోయంబత్తూరులో కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్న సెల్వి, ఎవరైనా దిద్దగలిగే ఇంటర్నెట్ పటంలోకి తన పేటను ఎక్కిస్తోంది. వరదలో బోటు నడిపేవాళ్లకు దారి తెలియాలని. వరదసహాయ దళంలో పనిచేసే నన్నూ రమ్మంది. ఉపగ్రహం బొమ్మలో కొబ్బరి మట్టలూ రేకులూ తప్ప సందులు కనబడవు. ఫోను పట్టుకుని మనుషులే నడవాలి, నడిచిన దారిని ఫోను గీసుకుంటుంది.

మర్నాడు పొద్దున సెల్వి ఎదురొచ్చింది. "పోయిన ఆదివారం పిలిస్తే ఇద్దరే వచ్చినారు సార్. ఈసారి అమ్మవారి ఊరేగింపు మాదిరి పోతాము."

ఎనిమిదింటికి తప్పెట మోగింది. ఏటా అమ్మవారి పూలబుట్ట మోసే నాగమ్మ, ఆ బుట్టలో పూలమీద ఫోను పెట్టి తలకెత్తుకుంది. పేటంతా వెనక నడిచింది. ఎక్కడ ఏముందో జనం చెబుతుంటే సెల్వి స్నేహితులు గుర్తులు పెట్టుకున్నారు.

"మా మిద్దె రాసుకో పాపా. నీళ్లొస్తే ఊరంతా నిలబడొచ్చును," అన్నాడొకాయన.

"నీ మిద్దెనా? పోయిన వానకి నీ కోడే దిగి మా ఇంటికి వచ్చె," అంది ఎదురింటామె.

నడక ముగిశాక గుడి మండపంలో తెల్లపంచెను తెరగా కట్టి, దానిమీద పటం చూపించారు. నడిచిన దారి నీలిగీతగా కనబడగానే ఈలలు మోగాయి. ఒకాయన వెళ్లి తన ఇంటిని వేలితో తాకి చూసుకున్నాడు. అప్పుడు వెనకనుంచి లక్ష్మి అనే ఆమె అడిగింది.

"మా సందు యాడ సెల్వీ?"

లేదు. ఆ సందు చివరింట్లో ముసలాయన పోయి పదహారు రోజులు కాలేదు. మైల ఉన్న సందులోకి అమ్మవారి బుట్ట వెళ్లదు. నాగమ్మ అలవాటుగా పక్కకు తిరిగింది, వెనక మేమూ తిరిగాం. పేటలో అన్నిటికంటే పల్లంలో ఉన్నది ఆ సందే. లక్ష్మి అత్త మంచం దిగలేని మనిషి. కిందటి వరదలో సందు తెలియక బోటు ముందుకు పోతే, లక్ష్మి ఆమెను వీపున వేసుకుని ఛాతీలోతు నీళ్లలో ఈడ్చుకుంటూ బయటపడింది.

"మైల తీరినాక పోతాము తల్లీ," అన్నాడు తప్పెట రామన్న.

"నీళ్లు మైల చూసి తిరిగిపోతాయా అన్నా?"

నాగమ్మ లేచింది. బుట్టను మండపంలోనే ఉంచి, ఫోను మటుకు తీసి నడుములో దోపుకుంది.

"అమ్మ రాదు. నేను వస్తాను, పద."

రామన్న తప్పెటను బుట్ట పక్కన ఆనించి వెనకే వచ్చాడు. పొద్దుటికంటే ఎక్కువమందిమే ఆ సందులోకి దిగాం. సందులోకి వేసిన మంచం మీద లక్ష్మి అత్త తల ఎత్తింది.

"తప్పెట లేకుండా వస్తివే నాగీ. నేను పోయినప్పుడైనా కొట్టిస్తావా?"

"నువ్వు పోయేదెప్పుడు, మేము కొట్టేదెప్పుడు. కాళ్లు ముడుచుకో, దావ వేసుకుని పోవాల."

ముసలమ్మ నవ్వుతూ ముడుచుకుంది. ఆ నవ్వు సందు మొదటిదాకా పాకింది.

సాయంత్రం ప్యాసింజరులో తిరిగి బయలుదేరాను. నీలగిరుల మీద మబ్బు దట్టంగా పట్టింది. ఉద్యోగంలో ఎన్నో వరదలకు వెళ్లాను, అన్నిటికీ నీళ్లు వచ్చాకే. నీటికంటే ముందు చేరడం ఇదే మొదలు. ఫోనులో పటం తెరిస్తే, నది పక్కన కొత్త గీత వెంట్రుకంత కనబడింది. పక్క సీటు వక్కల వ్యాపారి తొంగిచూశాడు.

"ఇంత సన్నగా ఉంది, ఇదేం రోడ్డండీ?" అని తమిళంలో అడిగాడు.

"రోడ్డు కాదండీ, సందు," అన్నాను. "బోటు పడుతుంది."